ఒకే యెండ, పలు లెక్కలు

గడచిన వేసవిలో ఒంటిపూట బడులు జరుగుచున్న దినములలో మేము తొమ్మిదవ తరగతి విద్యార్థులకు ఒక చిన్న పని నప్పగించితిమి. మధ్యాహ్నము రెండు గంటలకు బయట వేడిమి యెంత యున్నదో ఎవరికి తోచిన విధమున వారు కనుగొని, మరునాడు వ్రాసికొని రావలెనని చెప్పితిమి. మరునాడు వారు తెచ్చిన లెక్కలను నల్లబల్లపై వరుసగా వ్రాయగా మాకే ఆశ్చర్యము కలిగెను. ఇంటి వసారా గోడకు తగిలించిన ఉష్ణమాపకమును చూచినవాడు 39 డిగ్రీలనెను. రేకుల యింటి చూరు క్రింద చూచినది 47 అనెను. తండ్రిగారి చేతిఫోనులో చూచినవాడు 43 అనియు, పత్రికలో చదివినవాడు 44 అనియు, కారులో కూర్చుండి దానిలోని అంకెను చూచినవాడు 48 అనియు చెప్పిరి. ప్రయోగశాల నుండి ఉష్ణమాపకము నడిగి తీసికొనిపోయి నట్టెండలో బండపై నుంచిన బాలుడు 54 అనెను. ఊరు ఒక్కటే, గంట ఒక్కటే, ఎండ ఒక్కటే. లెక్కలు మాత్రము ఆరు.

తరగతిలో వెంటనే తగవు పుట్టినది. నీ యంత్రము చెడిపోయినదని ఒకరు, నీకు చూచుట రాదని మరియొకరు అనుకొనిరి. చివరకు ఒక బాలిక లేచి, "సార్, వీటిలో నిజమేది?" అని యడిగెను. ఆ దినమున గంట మ్రోగుటచే మేము సగమే బదులు చెప్పగలిగితిమి. మిగిలిన సగమును ఈ సంచిక ద్వారా ఆ బాలికకును, ఆమె తోడివారికిని, వారి తలిదండ్రులకును విన్నవించుకొనుచున్నాము. ఏలయన ఇది పాఠ్యపుస్తకమునకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. మంచిర్యాల వంటి వేడియూరిలో ఇది పిల్లల ఆరోగ్యమునకు, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే సంబంధించిన సంగతి.

మా యభిప్రాయమును ముందే చెప్పెదము. ఆ యారు లెక్కలలో అధికభాగము అబద్ధములు కావు. అయితే వాటిలో ప్రతి యొక్కటియు వేరువేరు ప్రశ్నకు బదులు. ఎక్కడ, ఎప్పుడు, ఎట్లు చూచితిమో చెప్పక అంకెను మాత్రము చెప్పుట సగము సాక్ష్యము చెప్పుట వంటిది. సగము సాక్ష్యముపై తీర్పు చెప్పినచో కీడు కలుగును. ఈ మాటను మేము ఊరక చెప్పుటలేదు. మాకు కలిగిన యొక యనుభవమును తరువాత చెప్పెదము.

మొదట ఉష్ణమాపకము దేనిని కొలుచునో తెలిసికొందము. అది గాలిని కొలుచునని మనమందరము తలంతుము. నిజమునకు అది కొలుచునది ఒక్క దాని వేడిమినే, అనగా తన వేడిమినే. గాజుబుడ్డిలోని పాదరసము తానెంత వేడెక్కినదో అంతమేరకు పైకి ప్రాకును. తనకు ఆ వేడి గాలి వలన వచ్చినదా, గోడ వలన వచ్చినదా, సూర్యుని వలన వచ్చినదా యను విచారణ దానికి లేదు. ఉష్ణము వహనము, సంవహనము, వికిరణము అను మూడు మార్గములలో ప్రయాణము చేయునని మీరు చదివియున్నారు గదా. నట్టెండలో బండపై నుంచిన ఉష్ణమాపకమునకు ఈ మూడు మార్గములలోను వేడి చేరును. క్రింది నుండి బండ కాల్చును, చుట్టును గాలి తాకును, పై నుండి సూర్యకిరణములు పడును. అది చూపిన 54 డిగ్రీలు గాలి వేడిమి కాదు, ఎండలో కాగిన గాజు పాదరసముల వేడిమి మాత్రమే.

దీనిని మీరే పరీక్షించి చూడవచ్చును. ఒకే విధమైన ఉష్ణమాపకములను రెండింటిని తీసికొని, ఒకదాని బుడ్డికి తెల్లగుడ్డ పీలికను, రెండవదానికి నల్లగుడ్డ పీలికను చుట్టి ఎండలో ప్రక్కప్రక్కన వ్రేలాడగట్టుడు. కొంతసేపటికి నల్లగుడ్డ చుట్టినది ఎక్కువ అంకెను చూపును. నలుపు ఎండను పీల్చుకొనును, తెలుపు దానిని త్రిప్పికొట్టును. బొగ్గుకుప్ప ప్రక్కన నడచిన మన యూరివారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. తరువాత ఆ రెండింటిని దట్టమైన చెట్టునీడకు తీసికొనిపొండు. పదిపదునైదు నిమిషములలో అవి దాదాపు ఒకే యంకెకు చేరును. ఎండలో తగవులాడిన యంత్రములు నీడలో ఏకీభవించును. కావుననే గాలి వేడిమిని ఎండలో కొలువరాదని శాస్త్రజ్ఞులు నియమము చేసిరి.

ఈ నియమము పాటించుటకు ఒక పెట్టె కలదు. దీపస్తంభములను నిర్మించుటలో పేరుగన్న స్కాట్లండు దేశపు ఇంజనీరు థామస్ స్టీవెన్‌సన్ అనునతడు 19వ శతాబ్దమున దీనిని రూపొందించెను. అతడు ప్రసిద్ధ కథారచయితయైన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ తండ్రి. అది తెల్లరంగు పూసిన కొయ్యపెట్టె. దాని ప్రక్కలు మూసిన పలకలు కావు. ఒకదాని క్రింద నొకటి వాలుగ నమర్చిన సన్నని పలకలు. వాటి సందులలో గాలి స్వేచ్ఛగ వచ్చిపోవును గాని ఎండయు వానయు లోనికి రావు. మన దేశమున దాని తలుపు ఉత్తరముగ నుండవలెను, అట్లయిన తలుపు తీసినప్పుడు ఎండ బుడ్డిపై పడదు. ఉష్ణమాపకపు బుడ్డి నేలకు సుమారు నాలుగడుగుల యెత్తున నుండవలెను. గోడగాని చెట్టుగాని దగ్గర నున్నచో, అది యెంత యెత్తో కనీసము దానికి రెండింతల దూరమున పెట్టెను నిలుపవలెను. 1875లో స్థాపింపబడిన భారత వాతావరణ శాఖవారు తమ వేధశాలలలో ఈ పద్ధతినే అవలంబించిరి. దేశదేశములలో కొలిచిన వేడిమిని, నేటి వేడిమిని, తాతలనాటి వేడిమిని పోల్చి చూచుటకు ఈ కట్టుబాటు వలననే వీలు కలుగుచున్నది.

నాలుగడుగుల యెత్తు ఏల యని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. పగటివేళ సూర్యుడు మొదట నేలను కాల్చును, నేల తనకు తగిలిన గాలిని కాల్చును. కావున పాదముల కడ గాలి, తల కడ గాలి ఒకే వేడిమిలో నుండవు. తారురోడ్డు పైభాగము మే మాసములో గాలికంటె ఎంతో అధికముగ కాలును. చెప్పులు లేనివారు దానిపై అడుగు పెట్టజాలరు. రాత్రివేళ మబ్బులేనిచో ఇది తారుమారగును. నేల తన వేడిని ఆకాశమునకు విడిచి త్వరగ చల్లబడును. అందుచేత ఆరుబయట నేలపై నుంచిన ఉష్ణమాపకము తెల్లవారుజామున గాలికంటె తక్కువ చూపును. ఒకే యంత్రము ఒకే స్థలమున పగలు ఎక్కువగను, రాత్రి తక్కువగను తప్పుట ఈ కారణముననే.

ఇంటి గోడల సంగతియు ఇట్టిదే. ఇటుకగోడయు సిమెంటు కప్పును పగలంతయు వేడిని మ్రింగి, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట మెల్లమెల్లగ దానిని వెలిగ్రక్కును. కావున మందపు గోడ గల వసారాలోని ఉష్ణమాపకము మధ్యాహ్నము రెండు గంటలకు బయటిగాలికంటె తక్కువయు, రాత్రి తొమ్మిది గంటలకు ఎక్కువయు చూపును. రేకుల కప్పు దీనికి భిన్నమైనది. అది పలుచనిది కావున వెంటనే కాగి, తన క్రిందివారిపై వేడిని చిమ్మును. మన విద్యార్థులు తెచ్చిన 39కిని 47కిని మధ్య నున్న భేదము ఇందువలన కలిగినదే. రేకుల క్రింద నివసించు కుటుంబమునకు ఆ 47 అబద్ధము కాదు, వారి నిత్యజీవితము. అది ఊరి గాలి వేడిమి మాత్రము కాదు.

ఇక యంత్రములోని లోపములు. తక్కువ వెలకు దొరకు ఉష్ణమాపకములలో ఒకటి రెండు డిగ్రీల తప్పు సాధారణము. కొన్నింటిలో పాదరసపు తీగె కుదుపులకు నడుమ తెగి, మధ్య ఖాళీ యేర్పడి, ఉన్నదానికంటె ఎక్కువ చూపును. చూచువాని కన్ను పాదరసపు తలకు సమముగ లేకున్నను అంకె మారును. పొట్టి బాలుడును పొడుగాటి ఉపాధ్యాయుడును ఒకే యంత్రమును చూచి రెండు మాటలు చెప్పుట ఇందువలన జరుగును. మరియు జ్వరము చూచునప్పుడు యంత్రమును కొన్ని నిమిషములు ఉంచినట్లే, గదిలోనుండి బయటికి తెచ్చిన ఉష్ణమాపకమును గూడ కొంతసేపు గాలికి విడువవలెను. తొందరపడి చూచినవానికి అది గది వేడిమినే చెప్పును.

యంత్రము సరియైనదో కాదో పరీక్షించుటకు సులభోపాయము కలదు. మంచుగడ్డను మెత్తగ దంచి, కొంచెము మంచినీరు కలిపి, అందు బుడ్డిని ముంచి కొన్ని నిమిషము లుంచినచో 0 డిగ్రీలు చూపవలెను. అంతటితో చాలదు. సున్న కడ సరిగానున్న యంత్రము 45 కడ తప్పవచ్చును. కావున గోరువెచ్చనికంటె కొంచెము వేడియైన నీటిలో నమ్మకమైన వేరొక ఉష్ణమాపకముతో ప్రక్కప్రక్కన నుంచి సరిచూడవలెను. మార్కులనుగూర్చి తగవు వచ్చినప్పుడు జవాబుపత్రమును మరల దిద్దినట్లే, వేడిమినిగూర్చి తగవు వచ్చినప్పుడు యంత్రమును మరల పరీక్షింపవలెను.

పెద్ద పెద్ద సంస్థల యంత్రములును ఈ నియమమునకు వెలిగా నుండలేవు. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేశ్‌పురమున నున్న స్వయంచాలక కేంద్రము 52.9 డిగ్రీలు చూపినది. దేశమంతయు దిగ్భ్రమ చెందెను. అదే దినమున నగరములోని తక్కిన కేంద్రములు అంతకు చాల తక్కువ చూపెను. వాతావరణ శాఖవారు నిపుణులను పంపి, ప్రామాణికమైన యంత్రముతో సరిపోల్చి చూడగా, ఆ కేంద్రపు యంత్రము సుమారు మూడు డిగ్రీలు అధికముగ చూపుచున్నదని తేలెను. ఆ మరునాడే, మనకు రైలుదారిలో ఉత్తరముగ నున్న నాగపురమున ఒక కేంద్రము 56 డిగ్రీలు చూపగా అదియు యంత్రదోషమే యని శాఖవారు ప్రకటించిరి.

ఇంతకంటె విచిత్రమైనది లిబియా దేశపు వృత్తాంతము. 1922 సెప్టెంబరు 13న అజీజియా యను చోట 58 డిగ్రీలు నమోదయ్యెను. దాదాపు 90 సంవత్సరములు భూగోళ పుస్తకములలో అదియే ప్రపంచములోకెల్ల గొప్ప వేడిమిగ నుండినది. 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ విచారణ సంఘము దానిని కొట్టివేసినది. ఆనాడు అచ్చట చూచినవాడు ఆ యంత్రమునకు అలవాటుపడని క్రొత్తవాడు. అందులోని గుర్తుముల్లు యొక్క ఒక కొనకు బదులు మరియొక కొనను చదివి, సుమారు ఏడు డిగ్రీలు అధికముగ వ్రాసియుండవచ్చునని సంఘమువారు నిర్ణయించిరి. యంత్రము నుంచిన నేల చుట్టుపట్ల ఎడారి నేలను బోలక తారువంటి పదార్థముతో కూడియుండుటయు, దగ్గరి యూళ్ల లెక్కలతో అది పొసగకుండుటయు వారు చూపిన ఇతర కారణములు. ఒక్క మనిషి కంటిచూపులోని పొరపాటు తొంబది యేండ్లు లోకమునకు పాఠమై నిలిచినది. పుస్తకము వ్రాసికొను విద్యార్థులు ఈ కథను మరువరాదు.

అట్లని భేదములన్నియు పొరపాట్లే యనుకొనుటయు పొరపాటు. గాలి వేడిమి నిజముగనే ఊరూరికిని, ఒకే యూరిలో వాడవాడకును మారును. సముద్రమట్టమునకు ఎత్తు పెరిగినకొలది గాలి చల్లబడును, కిలోమీటరునకు సగటున 6.5 డిగ్రీల చొప్పున తగ్గును. ఆదిలాబాదు మన మంచిర్యాలకంటె సుమారు నూరు మీటర్లు ఎత్తున నున్నది. ఆ యెత్తు వలననే అరడిగ్రీకి పైగా భేదము రాదగును. గోదావరి యొడ్డున నీటిమీదుగ వీచు గాలి వేరు, సిమెంటు కట్టడముల నడుమ నిలిచిన గాలి వేరు. శ్రీరాంపురము, మందమర్రి ప్రాంతముల ఉపరితల గనులలో నల్లని బొగ్గునేల మీది గాలి వేరు, అడవిలో టేకుచెట్ల క్రింది గాలి వేరు.

దీనితోబాటు మరియొక చిక్కు కలదు. గోదావరికి ఆవల రామగుండమున భారత వాతావరణ శాఖవారి కేంద్రము కలదు. ఇంతేగాక రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థవారు మండలములలో నెలకొల్పిన స్వయంచాలక కేంద్రములు రాష్ట్రమంతట వేయికి పైబడి యున్నవి. మే మాసములో ఒక పత్రిక రామగుండపు అంకెను, వేరొక పత్రిక ఆ వేయింటిలో అన్నిటికంటె పెద్ద యంకెను అచ్చువేయును. రెండును చదివిన తండ్రి ప్రభుత్వమువారే రెండు మాటలు చెప్పుచున్నారని కోపించును. కాని ఒక్క తరగతిలోని పొడుగరికంటె జిల్లా యంతటిలోని పొడుగరి సాధారణముగ పొడుగుగనే యుండును గదా. ఎన్ని యెక్కువ చోట్ల కొలిచిన, వాటిలో మిక్కిలి పెద్ద యంకె అంత పెద్దదగును. ఇందు మోసమేమియు లేదు.

చేతిఫోనునుగూర్చియు ఒక మాట. వాతావరణమును చూపు ఫోను మన గుమ్మము ముందరి గాలిని కొలుచుట లేదు. దూరపు కేంద్రముల లెక్కలనుండియు, గణకయంత్రములు వేసిన యంచనాలనుండియు మన ప్రాంతమునకు రాదగిన యంకెను అది తెచ్చి చూపును. కారులోని యంత్రము కొలుచునుగాని, సాధారణముగ అది ముందుభాగమున రోడ్డుకు దగ్గరగ నుండును. బండి నిలిచియున్నప్పుడు రోడ్డు వేడియు ఇంజను వేడియు దానికి సోకును. బండి కొంతదూరము నడచి గాలి తగిలిన పిమ్మట చూచిన అంకె కొంత నమ్మదగినది. ఇక పెద్దవారు కొందరు "ఈ దినము 113 డిగ్రీలు" అందురు. అది ఫారెన్‌హైటు లెక్క. సెల్సియసులో అది 45. ఒకే వేడిమిని రెండు కొలబద్దలతో చెప్పి తగవులాడుటయు మేము చూచితిమి.

ఇప్పుడు మా యనుభవమును చెప్పవలసియున్నది. సుమారు పదునైదేండ్ల క్రిందట మేము పనిచేసిన యొక పాఠశాలలో మార్చి మాసాంతమున కవాతు సాధన జరుగుచుండెను. సాధన మా యజమాయిషీలో నుండెను. పదకొండు గంటల వేళ ఒక ఉపాధ్యాయిని వచ్చి ఎండ ముదిరినది, పిల్లలను లోనికి పంపుదమా యని యడిగిరి. మేము కార్యాలయపు గోడకున్న ఉష్ణమాపకమును చూచితిమి. అది 34 చూపుచుండెను. మానవ శరీరపు వేడిమి 37 గదా, ఇది అంతకంటె తక్కువయే కదా యని, ఇంకను అరగంట సాధన చేయుడని చెప్పితిమి. ఇరువది నిమిషములు గడువకముందే ఎనిమిదవ తరగతి బాలుడొకడు వరుసలో నిలిచినవాడు నిలిచినట్లే కూలిపోయెను. నీడకు మోసికొనిపోయి, తడిగుడ్డలు కప్పి, వైద్యశాలకు చేర్చితిమి. దేవుని దయవలన బాలుడు బ్రదికెను. సాయంకాలము అతని తల్లి వచ్చినది. మేము ఉష్ణమాపకపు సంగతి చెప్పబోతిమి. ఆమె దానివంక చూచి, "అర్రల గోడకున్నదాన్ని చూసి మా పిలగాన్ని ఎండల నిలవెట్టిన్రా సారూ?" అనెను. మా శిక్షణ కళాశాలలో మేము నేర్చిన భౌతికశాస్త్రమంతయు ఆ యొక్క ప్రశ్నలో నిమిడియుండెను. మేము తల వంచుకొంటిమి.

ఆ యంత్రము అబద్ధము చెప్పలేదు. మందపు గోడల గదిలో, తిరుగుచున్న పంకా క్రింద, తన వేడిమిని అది సత్యముగనే చెప్పినది. అబద్ధము చెప్పినది మేము. గదిని కొలిచి మైదానమునకు తీర్పు చెప్పితిమి. అంకె సత్యమైనను సాక్ష్యము చెల్లకపోవచ్చునని ఆనాడు మాకు తెలిసెను.

ఇచ్చట కొందరు ఒక ఆక్షేపణ చేయవచ్చును. తునికాకు కోయువారు ఎండలో నడతురు, ఉపాధి పనివారు ఎండలో మట్టి త్రవ్వుదురు, పిల్లలు ఎండలో నిలుతురు. ఇట్లుండగా తెల్లపెట్టెలో నీడపట్టున కొలిచిన వేడిమి ఎవరి కుపయోగమని వారడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. పెట్టెలోని యంకె ఊరికి ఊరికిని, ఏటికి ఏటికిని సరిపోల్చుటకు ఏర్పడినది. అది ఎండలో నిలిచిన బాలుని కష్టమును చెప్పునని ఎవరును అనలేదు. పత్రికలో 43 అని చదివినప్పుడు, అది నీడలోని గాలి వేడిమి యనియు, మైదానములో నిలిచినవానిపై ఎండయు నేల వేడియు అదనముగ పడుననియు గ్రహింపవలెను. గాలి వేడిమి 37 దాటినప్పుడు గాలియే శరీరమును కాచును, చెమట ఆరుట యొక్కటియే అప్పుడు మనకు చల్లదన మిచ్చునది. గాలిలో తేమ హెచ్చినచో ఆ చెమటయు ఆరదు. కావున 40 డిగ్రీల పొడిగాలికంటె 37 డిగ్రీల తేమగాలి కొన్నిసార్లు కష్టతరము. ఆ తేమను కనుగొనుటకే వేధశాల పెట్టెలో తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపక మొకటి యుండును.

ఒకటి రెండు డిగ్రీల భేదమునకు ఇంత రభస యేల యని అడుగువారును కలరు. వాతావరణ శాఖవారి నియమము ప్రకారము మైదాన ప్రాంతములలో గరిష్ఠ వేడిమి 45 డిగ్రీలకు చేరినచో వడగాలి యనియు, 47కు చేరినచో తీవ్రమైన వడగాలి యనియు ఎన్నబడును. ఈ రెంటి నడుమ నున్నది రెండు డిగ్రీలే. తప్పుడు యంత్రము అంతమాత్రము ఎక్కువ చూపినచో ఊరికి అనవసరమైన భయము కలుగును. తక్కువ చూపినచో భయపడవలసినవారు భయపడరు. ఈ రెండవది మొదటిదానికంటె ఎక్కువ హానికరము. అదే నియమములో మాకు మిక్కిలి నచ్చిన యంశమొకటి కలదు. ఒక్క కేంద్రము ఒక్క దినము చూపినంత మాత్రమున వడగాలి యని ప్రకటింపరు. ఆ ప్రాంతములో కనీసము రెండు కేంద్రములు, వరుసగ రెండు దినములు అట్లు చూపవలెను. ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదని మోషే కాలమునుండి వచ్చుచున్న ధర్మమును నేటి శాస్త్రజ్ఞులును పాటించుచున్నారు.

కావున మేము పాఠశాల యాజమాన్యమువారికిని, తలిదండ్రులకును సవినయముగ మూడు సంగతులు మనవి చేయుచున్నాము.

మొదటిది. మన మైదానపు మూల గడ్డి పెరిగిన చోట ఒక తెల్లని గాలిపెట్టెను నిలుపవలెను. మన యూరి వడ్రంగులు దీనిని చక్కగ చేయగలరు. అందు పరీక్షించిన ఉష్ణమాపకములను, తడిగుడ్డ కట్టినదానితో సహా, ఉంచవలెను. బొగ్గుదుమ్ము పడి తెల్లరంగు మాసినచో పెట్టె ఎండను పీల్చి తప్పు చెప్పును గనుక ఏటేట రంగు వేయించవలెను. ప్రతిదినము ఉదయము 8.30 గంటలకును, ఒంటిపూట బడి విడుచువేళను విద్యార్థులు వంతులవారీగ చూచి వ్రాయవలెను. అంకె ప్రక్కన ఆకాశస్థితి, గాలి, చూచినవాని సంతకము ఉండవలెను. తప్పు వ్రాసినచో చెరిపివేయక, కొట్టివేసి ప్రక్కన సరియైనది వ్రాయవలెను.

రెండవది. కొన్ని దినములు వేరొక ఉష్ణమాపకముతో ప్రార్థనసభ జరుగు స్థలములోను, రేకుల తరగతిగదిలోను, నీళ్లకుండలున్న చెట్టు క్రిందను ఒకే గంటకు చూచి పెట్టెలోని యంకెతో పోల్చవలెను. అప్పుడు మన ఆవరణలో ఏ చోటు ఎంత కఠినమైనదో మనకే తెలియును. ఏ తరగతిని ఎచ్చట కూర్చుండబెట్టవలెనో, ఏ చెట్టును కొట్టరాదో, ఎచ్చట క్రొత్తచెట్టు నాటవలెనో ఆ పుస్తకమే చెప్పును.

మూడవది. కార్యాలయపు గోడనున్న ఉష్ణమాపకమును చూచి మైదానమునుగూర్చి ఎవరును నిర్ణయము చేయరాదు. నిర్ణయము చేయువారు మొదట పిల్లలు నిలిచిన చోట పది నిమిషములు తామును నిలువవలెను. ఇది మేము ఆలస్యముగ నేర్చుకొన్న పాఠము. మీకు త్వరగ అందుటకే వ్రాసితిమి.

విద్యార్థులారా, మీలో ఎవరును శాస్త్రజ్ఞులు కాకున్నను కాకపోవచ్చును. కాని ప్రతివారును ఏదో ఒకనాడు ఒక లెక్కను నమ్మి ఇతరులకు ఆజ్ఞ నిచ్చు స్థానమున నిలుతురు. గనిలో మేస్త్రీగ, వైద్యశాలలో దాదిగ, ఇంటిలో తల్లిగ తండ్రిగ నిలుతురు. అప్పుడు చేతిలోని యంకెను చూచి, ఇది ఎక్కడిది, ఎప్పటిది, ఎట్లు తీసినది అని ఒక్కసారి అడుగుడు. నిజమేది యని యడిగిన ఆ బాలికకు మేము చెప్పదలచిన మిగిలిన సగము ఇదియే. ఆరు లెక్కలలో నిజమునకు దగ్గరగ నున్నది నీడలో గాలి తగులునట్లు చూచినది. అయితే ఆ వేళ నీ తమ్ముడు ఎండలో నిలిచియున్నచో, అతనికి కావలసిన లెక్క అది కాదు. ముందు వానిని నీడకు పిలువుము, అంకెను తరువాత వ్రాసికొనవచ్చును.